వితండవాదం ఎవరిది?

పోయిన వారం వైవా గదుల గురించి రాశాను. ఈ వారం తర్కం గురించి.

నెట్ పేపర్ వన్‌కి చదివిన ప్రతి ఒక్కరికీ హేత్వాభాసాలు ఐదని తెలుసు. సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. కారణంలా కనిపిస్తుంది కానీ కారణం కాదు, అదే హేత్వాభాసం. ఆ పేపర్లో 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు. లాజికల్ రీజనింగ్‌లో ఇండియన్ లాజిక్ కూడా ఉంది కాబట్టి మన పిల్లలు ఆ ఐదు పేర్లనూ అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేలా బట్టీ కొడతారు. కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది. వంటింట్లో చూశాం కదా, అలాగే. పరీక్ష అయిపోతుంది, పుస్తకం మూసేస్తారు.

అదే విద్యార్థి హాస్టల్ మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడినప్పుడు పక్కవాడు అంటాడు: "మీకేంట్రా, సగం మార్కులకే సీటొచ్చింది." ఆ మాటలో ఏ హేత్వాభాసం ఉందో మనవాడికి తట్టదు. ముఖం ఎర్రబడుతుంది, లేదా పాలిపోతుంది. అన్నం తినకుండా లేచిపోతాడు. ఐదు పేర్లూ వచ్చినవాడే. ఆ పేర్లు ఇలాంటి చోట పనికొస్తాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

నా పోట్లాట ఈ చదువుతోనే.

డిగ్రీ కాలేజీల్లో దీనికి ఇంకో రూపం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక 'క్రిటికల్ థింకింగ్' అనే మాట లేని సర్క్యులర్ లేదు. లైఫ్ స్కిల్స్ అంటారు, అనలిటికల్ స్కిల్స్ అంటారు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ఒక గంట దీనికి కేటాయిస్తారు. పీపీటీలో ఉదాహరణలు చూడండి. ఫలానా క్రికెటర్ ఫలానా టూత్‌పేస్ట్ వాడమన్నాడు, కాబట్టి అది మంచిది. ఇది ఆప్తవాక్య దోషం. నేను చూసిన హంసలన్నీ తెల్లగా ఉన్నాయి, కాబట్టి హంసలన్నీ తెల్లనివే. ఇది తొందరపాటు సాధారణీకరణ. మా వాడల్లో హంసను చూసిన మనిషి లేడు. కానీ "వాళ్లంతా ఇంతే" అనే మాట వినకుండా పెరిగిన పిల్లాడూ లేడు. తొందరపాటు సాధారణీకరణ నేర్పాలంటే హంసల దాకా పోవాలా?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఈ దేశంలో ఎక్కువమంది బతుకుల్ని పాడుచేసిన తప్పుడు తర్కాలు కులం చుట్టూ అల్లుకున్నవి. వాటిని పక్కనబెట్టి టూత్‌పేస్టులతో, హంసలతో తర్కం నేర్పడమంటే, ఈత నేర్పుతానని చెప్పి నీళ్లున్న చోటికి తీసుకెళ్లకపోవడమే.

'తర్కం మనది కాదు, పడమటి సరుకు' అనే వాళ్లకు ముందు జవాబు చెప్పాలి. అది అబద్ధం. న్యాయసూత్రాల్లో చర్చను మూడు రకాలుగా విడదీశారు. నిజం తేలాలని చేసేది వాదం. గెలవాలని చేసేది జల్పం. తన పక్షమేదో నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా చేసేది వితండ. మాట అర్థాన్ని మెలితిప్పడం ఛలం. ఒకడి దగ్గర నవకంబళం ఉందంటే, అంటే కొత్త కంబళి ఉందంటే, 'తొమ్మిదెక్కడున్నాయి, ఒకటే కదా' అని ఇంకొకడు దబాయిస్తాడు. నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది. ఇంకో తమాషా ఉంది. ఆ శాస్త్రంలో 'జాతి' అంటే కులం కాదు. పైపై పోలికలు పట్టుకుని ఇచ్చే చెల్లని జవాబును 'జాతి' అన్నారు. అలాంటివి 24 రకాలని చివరి అధ్యాయంలో లెక్కపెట్టారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని పండితులు గర్వంగా చెప్పుకుంటారు కూడా.

అయితే ఈ పనిముట్లు ఎవరి చేతికి అందాయి? మనుస్మృతి రెండో అధ్యాయం చూడండి. హేతుశాస్త్రాన్ని పట్టుకుని శ్రుతినీ స్మృతినీ కాదన్న ద్విజుణ్ణి నాస్తికుడని వెలివేయమంది. అడిగితే ద్విజుడికే వెలి. మరి బడి గుమ్మమే ఎక్కనివ్వని వాళ్ల సంగతేమిటి? 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో పట్టుకున్న పాయింటు ఇదే. కులాన్ని హేతువుతో ప్రశ్నించే దారినే శాస్త్రం మూసేసిందని ఆయన చూపించాడు. తర్కం ఈ దేశంలో పుట్టింది, నిజమే. దాన్ని కొందరి సొత్తుగా దాచిందీ ఈ దేశమే.

ఇక 'వితండవాదం' అనే మాట సంగతి. ఇవాళ తెలుగులో దాని అర్థం మారిపోయింది. పెద్దలకు నచ్చని ప్రశ్న వేస్తే అది వితండవాదం. స్టాఫ్‌రూమ్‌లో, డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో, సెమినార్ హాల్లో ఈ మాట ఎవరి మీద పడుతుందో గమనించండి. అసలు నిర్వచనం తీసుకుని చూద్దాం. రిజర్వేషన్లు వద్దంటారు. సరే, తరతరాలుగా చదువుకూ భూమికీ కొలువుకూ దూరం పెట్టినవాళ్లకు న్యాయం ఎలా చేద్దాం, మీ పద్ధతి ఏమిటి అని అడగండి. జవాబుండదు. తన పక్షం పెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే వితండ అయితే, వితండవాదం ఎవరిది?

క్లాసులో నేను వాడే ఉదాహరణలు కొన్ని చెప్తాను. తోటి లెక్చరర్లు తీసుకోవచ్చు.

మొదటిది, 'రిజర్వేషన్లు పదేళ్లకే అని అంబేద్కరే అన్నాడు' అనే మాట. రాజ్యాంగంలో పదేళ్ల గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభ, శాసనసభ స్థానాల గురించి. దాన్ని పార్లమెంటు పదేసి ఏళ్లు పొడిగిస్తూ వచ్చింది. 104వ సవరణతో ఇప్పుడు 2030 దాకా ఉంది. ఉద్యోగాల గురించి చెప్పే 16(4)లో గడువు లేదు. చదువుల గురించి చెప్పే 15(4)లోనూ లేదు. అది చంపకం దొరైరాజన్ కేసు తర్వాత 1951లో మొదటి సవరణతో వచ్చింది. 'రిజర్వేషన్' అనే ఒక్క మాటకు రెండు వేరు సంగతులున్నాయి. ఒకదాని గడువు తెచ్చి ఇంకోదానికి తగిలిస్తున్నారు. నవకంబళం కథే ఇది. పైగా అంబేద్కర్ పేరు జతచేస్తే మనం నోరు మూస్తామని లెక్క.

రెండోది మెరిట్. 'తక్కువ మార్కులతో సీటిస్తే మెరిట్ చచ్చిపోతుంది.' సరే, ఈ కారణాన్ని తీసుకుని ఊరంతా తిరుగుదాం. మేనేజ్‌మెంట్ కోటాలో తక్కువ మార్కులకే సీటొస్తుంది. ఎన్నారై కోటాలో వస్తుంది. 2019లో 103వ సవరణతో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను మినహాయించి మిగతా వాళ్లకు 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా వచ్చింది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం అందులో పేదదే. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు 3-2తో దాన్ని సమర్థించింది. అప్పుడు మెరిట్ చావుకు ఏడ్చినవాళ్లు ఎంతమంది? కారణం అన్ని చోట్లా ఉంది, ఫలితాన్ని మాత్రం ఒక్క చోటే అంటగడతారు. సవ్యభిచారం అంటే ఇదే. హేతువు తనకు కుదరని చోట కూడా తిరుగుతుంటే ఆ హేతువు చెల్లదు. మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడ్డ తమ్ముడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు. కోపం తెచ్చుకోనక్కర్లేదు. 'మేనేజ్‌మెంట్ కోటా వాడితో కూడా ఇదే మాట అన్నావా?' అని అడిగితే సరిపోతుంది.

ఈ పని మనవాళ్లు వందేళ్ల కిందటే చేశారు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' పాటతో ఆంధ్రదేశం ఊగిపోతున్న రోజుల్లో, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. సాహిత్య చరిత్ర క్లాసులో దీన్ని దళిత కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా చెప్పి వదిలేస్తాం. నేను దాన్ని తర్కం క్లాసులో కూడా చెప్తాను. దొరతనం చెడ్డదైతే ఏ రంగు దొరతనమైనా చెడ్డదే కావాలి కదా? మీ సూత్రాన్ని మీ ఇంటికి కూడా వర్తింపజేయండి అని అడగడం కన్నా పదునైన తర్కం ఏముంది?

మూడోది పొగ, నిప్పు. పక్కనున్న తమిళనాడు, అప్పటి తంజావూరు జిల్లా. 1968 డిసెంబరు 25 రాత్రి కీళవెణ్మణిలో కూలి పెంచమని అడిగిన దళిత కూలీల కుటుంబాల మీద భూస్వాముల దాడి. ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మంది కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. నిప్పు ఉందా లేదా అని అక్కడ ఎవరూ అనుమానం చేయనక్కర్లేదు. తేలాల్సింది నిప్పు ఎవరు పెట్టారన్నది. కింది కోర్టు శిక్షలు వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టింది. ఆ తీర్పులో ఒక అనుమానప్రమాణం ఉంది. ఇంత ఆస్తిపరులు, పనివాళ్లను పంపకుండా స్వయంగా నడిచివెళ్లి గుడిసెలు తగలబెట్టారంటే నమ్మడం కష్టం అని. దీని వెనకున్న వ్యాప్తి ఏమిటి? డబ్బున్నవాడు ఇలాంటి పని తన చేత్తో చేయడు. ఎక్కడ చూశారు ఆ వ్యాప్తిని? ఏ వంటింట్లో? కొండ మీద పొగ గురించి మూడు నెలలు పాఠం చెప్పి, ఈ పొగ గురించి ఒక్క గంట చెప్పకపోతే మనం ఏం నేర్పినట్టు?

నాలుగోది, 'కేసు కొట్టేశారు కాబట్టి అది దొంగ కేసు' అనే మాట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగమవుతోందనే వాదనకు ఇదే ఇరుసు. శిక్షలు తక్కువ పడుతున్నాయి, కాబట్టి ఫిర్యాదులు అబద్ధం. సరే, చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కేసు కొట్టేశారు కాబట్టి కేసే అబద్ధం అనే సూత్రం నిజమైతే, ఆ 8 మంది చచ్చిపోనట్టేనా? నిర్దోషులుగా విడుదల కావడం అంటే ఫలానా వాళ్ల మీద నేరం రుజువు కాలేదని మాత్రమే. దర్యాప్తు కుంటిది కావచ్చు, సాక్షి భయపడి ఉండవచ్చు, ఏళ్లు గడిచిపోయి ఉండవచ్చు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డెక్కారు. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ఎస్సీ, ఎస్టీలు ఒక వర్గంగా చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని ముందే అనుకోవడం చెల్లదని చెప్పింది. తర్కంలో దొర్లిన ఒక దోషాన్ని సరిదిద్దడానికి ఇంత మంది వీధిలోకి రావాల్సి వచ్చింది.

అయిదోది ప్రశ్నను దారి మళ్లించడం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. ఒక పరిశోధక విద్యార్థి హాస్టల్ నుంచి సస్పెండై, ఆరుబయట పడుకునే స్థితికి ఎందుకొచ్చాడన్నది ప్రశ్న. పదేళ్లుగా జరుగుతున్న చర్చలో ఎక్కువ భాగం దేని మీద? అతని కుల ధ్రువపత్రం మీద. 2024 మేలో పోలీసుల ముగింపు నివేదిక కూడా అతను ఎస్సీ కాదనే దాని మీదే ఎక్కువ సిరా ఖర్చుపెట్టింది. నిరసన వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చనిపోయినవాడి కాగితాలు తిరగేస్తూ కూర్చుంటే, బతికున్నవాళ్లను ఎవరూ ప్రశ్నలు అడగరు. దారి మళ్లించడంలో ఉన్న సౌకర్యం అదే.

'ఇవన్నీ మీ పక్షం ఉదాహరణలే కదా' అని ఎవరైనా అంటే, నిజమైన అభ్యంతరమే. జవాబు చెప్తాను.

తర్కం మన చేతికొచ్చాక మన మాటల మీద కూడా నడపాలి. 'నువ్వు అగ్రకులం వాడివి, కాబట్టి నీ వాదన తప్పు' అంటే అది వ్యక్తిదూషణే. వాదన ఎవరి నోట్లోంచి వచ్చినా దాని కాళ్లు దానికుంటాయి. అయితే ఇక్కడ ఒక తేడా తెలియాలి. ఇంటర్వ్యూ గదిలో ఏం జరిగింది, గుడి మెట్ల దగ్గర ఎవరు ఆపారు అన్నప్పుడు కావాల్సింది వాదన కాదు, సాక్ష్యం. అక్కడ నిలబడ్డ మనిషి సాక్షి. 'నువ్వు అక్కడ ఉన్నావా? నీకెలా తెలుసు?' అని అడగడం వ్యక్తిదూషణ కాదు. న్యాయశాస్త్రం శబ్దాన్ని కూడా ప్రమాణమంది. నమ్మదగిన మనిషి మాట ప్రమాణం. మన మాటను ఎప్పుడూ ఆప్తవాక్యం కింద లెక్కవేయలేదు, అదీ మన గొడవ. సాక్షిని వాదిగా చూసి 'నీది ఎమోషన్, లాజిక్ కాదు' అని తోసేస్తే అది కూడా తర్కదోషమే.

ఇంకా దగ్గరి విషయం చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. వర్గీకరణ చర్చలో మన ఇళ్లలోనే వినిపించిన మాటలు గుర్తుచేసుకోండి. 'వాళ్లు కూడా చదువుకుని పోటీ పడొచ్చు కదా, ఎవరు వద్దన్నారు?' ఈ మాట ఎక్కడ విన్నాం? మనకు రిజర్వేషన్ ఎందుకని అడిగినవాళ్లు మనతో అన్న మాట ఇదే. 'వర్గీకరణ అడిగితే దళిత ఐక్యత చీలుతుంది' అన్నారు. అడిగినవాళ్ల వాటా సంగతి తేల్చకుండా ఐక్యత ఉందని ముందే ఒప్పేసుకున్న వాదన అది. రుజువు చేయాల్సిన దాన్నే రుజువుగా చూపించారు. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఎస్సీలంతా ఒకే ముద్ద అంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో ఆ మాటను కొట్టేసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకొచ్చింది. పంపకం లెక్కల మీద అభ్యంతరాలుంటే లెక్కలతో మాట్లాడదాం. మనల్ని కొట్టిన కర్రనే తీసుకుని మన పక్కవాణ్ణి కొట్టడం మాత్రం కుదరదు. మెరిట్ మీద వేసిన ప్రశ్నను మన గుమ్మంలో ఆపేస్తే, మనదీ సవ్యభిచారమే.

'క్లాసులోకి కులం తేవొద్దు, తర్కం తటస్థంగా ఉండాలి' అంటారు కొందరు సహోద్యోగులు. స్కాలర్‌షిప్ జాబితా ఏ వరుసలో అంటిస్తున్నాం? ఇంటిపేరు చెప్పగానే రెండో ప్రశ్న ఏం అడుగుతున్నాం? కులాన్ని నేను కొత్తగా తీసుకురానక్కర్లేదు. అటెండెన్స్ పిలవకముందే అది వచ్చి ముందు బెంచీలో కూర్చుని ఉంటుంది. నేను చేసేది దాన్ని లేపి ప్రశ్నలు అడగడం.

తర్కం ఒక్కటే చాలదని కూడా తెలుసు. కేసపుత్తంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగారు, వచ్చిన ప్రతి గురువూ తనదే నిజమంటున్నాడు, ఎవర్ని నమ్మాలి అని. విన్నామని నమ్మొద్దు, పరంపర అని నమ్మొద్దు, గ్రంథంలో ఉందని నమ్మొద్దు, గురువు చెప్పాడని నమ్మొద్దు అన్నాడు ఆయన. ఆ జాబితాలో తర్కం కూడా ఉంది. వాదన నున్నగా ఉందని కూడా నమ్మొద్దు. దానివల్ల హాని జరుగుతుందా, మేలు జరుగుతుందా మీరే తెలుసుకోండి అన్నాడు. ఫాలసీల జాబితా బట్టీ కొట్టి డిబేట్‌లో కప్పులు గెలిచే పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఇది. గెలవడం జల్పం. మనకు కావాల్సింది వాదం.

లెక్చరర్లకు మూడు మాటలు. ఒకటి, ఉదాహరణలు పీపీటీ నుంచి కాదు, ఇవాళ్టి పేపర్ నుంచి, తీర్పుల నుంచి, హాస్టల్ నుంచి తీసుకోండి. రెండు, దోషం పేరు చెప్తే మార్కులివ్వకండి. ఏ మెట్టు దగ్గర వాదన విరిగిందో మామూలు తెలుగులో చెప్పమనండి. పేరు మాత్రమే వచ్చినవాడు దాన్ని ఎదుటివాడి నోరు మూయించడానికి వాడతాడు. మూడు, ఖండించే ముందు పూర్వపక్షం రాయించండి. ఎదుటివాడు చదివి 'అవును, నేను చెప్పేది ఇదే' అనేంత నిజాయితీగా రాయాలి. ఇది పాత పద్ధతే, మంచి పద్ధతి. దాన్ని మనకు దక్కనివ్వలేదు కాబట్టి వదులుకోనక్కర్లేదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ వారం మీ మెస్‌లోనో, బస్సులోనో, క్లాసులోనో మిమ్మల్ని గుచ్చిన ఒక్క వాదన తీసుకోండి. కోపం తగ్గాక కాగితం మీద పెట్టండి. వాళ్లు ఏం అంటున్నారు, దానికి ఇచ్చిన కారణం ఏమిటి, ఆ కారణం ఇంకెక్కడెక్కడ వర్తిస్తుంది, అక్కడ కూడా వాళ్లు అదే మాట అంటారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. రాసింది మీ గదిలో ఇద్దరికి చదివి వినిపించండి. తర్వాతిసారి ప్లేటు వదిలేసి లేవాల్సిన అవసరం రాదు. అన్నం తింటూనే అడగొచ్చు.

వచ్చే వారం: సిలబస్ కమిటీల్లో ఎవరు కూర్చుంటారు?

జై భీమ్.